తుప్పులో దాగిన గొంతు

ఇనుముకు పట్టే తుప్పు ఎందుకూ పనికిరాదని మనం అనుకుంటాం. కాని తుప్పు జాతికే చెందిన ఒక గోధుమరంగు పొడి మనిషి గొంతును దాచగలదు. మా బాపమ్మ గొంతు అలా నలభై ఏళ్ళుగా ఒక క్యాసెట్టులో ఉన్నది. దాన్ని అందులో దాచిన యంత్రం పేరు ఐవా. పిల్లలూ, ఈ పేరు మీలో చాలామంది విని ఉండరు. మీ అమ్మానాన్నలను అడిగి చూడండి.

మాది మందమర్రి, సింగరేణి బొగ్గుగనుల ఊరు. అప్పట్లో ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. 2016 నుంచి మంచిర్యాల జిల్లాలో చేరింది. ఆ రోజుల్లో మా వైపునుంచీ, కరీంనగరు వైపునుంచీ ఎంతోమంది పనికోసం గల్ఫ్ దేశాలకు వెళ్ళేవారు. మా చిన్నబాపు కూడా 1982లో దుబాయి వెళ్ళాడు.

బాపమ్మకు చదువు రాదు. ఉత్తరం వస్తే ఒకరు చదివి వినిపించాలి, జవాబు మరొకరు రాసిపెట్టాలి. నడుమ మూడోమనిషి ఉంటే తల్లి కొడుకుతో మనసులోమాట చెప్పుకోగలదా? "అందరం క్షేమం" అని రాయించి ఊరుకునేది.

1984లో సెలవుమీద వచ్చిన ఒకాయన చేత చిన్నబాపు ఒక ఐవా పెట్టె పంపాడు. అందులో రేడియో, టేపురికార్డరు రెండూ ఉన్నవి. క్యాసెట్టు పెట్టి మీట నొక్కగానే, "అవ్వా, మంచిగున్నవా?" అని చిన్నబాపు గొంతు వినిపించింది. "ఆఁ, మంచిగనే ఉన్న కొడుకా!" అని బాపమ్మ పెట్టెకే జవాబు చెప్పింది. మేం నవ్వాం. ఆమె నవ్వలేదు.

మర్నాడు ఆమె మమ్మల్నందరినీ బయటికి పంపి, తలుపు వేసుకుని, అరగంటసేపు ఆ పెట్టెతో మాట్లాడింది.

ఇది ఎలా సాధ్యం? మన మాట గాలిని కదిలిస్తుంది. మైకు ఆ కదలికను విద్యుత్తుగా మారుస్తుంది. ఆ విద్యుత్తు ఒక చిన్న అయస్కాంతాన్ని బలంగానూ, బలహీనంగానూ చేస్తూ ఉంటుంది. దాని ముందునుంచి సెకండుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున టేపు సాగిపోతుంది. టేపుమీది పొడిలో ఆ హెచ్చుతగ్గులు అచ్చుపడతాయి. అరగంట మాటకు సుమారు 86 మీటర్ల టేపు కావాలి!

ఈ క్యాసెట్టును 1963లో హాలండు దేశపు ఫిలిప్స్ కంపెనీ తెచ్చింది. ఐవా మాత్రం జపాను కంపెనీ. 1951లో వేరే పేరుతో పుట్టి, మొదట మైకులు తయారుచేసేది. 1959లో ఐవా అని పేరు మార్చుకున్నది. జపానులో రేడియోనూ, క్యాసెట్టు రికార్డరునూ ఒకే పెట్టెలో అమర్చిన మొదటి యంత్రం 1968లో ఈ కంపెనీయే చేసింది. 2002లో ఐవా సోనీ కంపెనీలో కలిసిపోయింది. కొన్నేళ్ళకు ఆ పేరే అంగళ్ళలో కనిపించకుండా పోయింది. 2017లో జపానులో మరొక కంపెనీ ఆ పేరును మళ్ళీ నిలబెట్టింది.

క్యాసెట్టు ఉత్తరాలకు ఒక పద్ధతి ఉండేది. విన్న తర్వాత అదే టేపుమీద జవాబు చెప్పి పంపేవారు. కొత్తమాట ఎక్కేముందు యంత్రం పాతమాటను తుడిచివేస్తుంది. అందుకే క్యాసెట్టు వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రేకులు ఉంటాయి. రేకు విరిస్తే అక్కడ గుంట పడుతుంది. ఇక రికార్డు మీట దిగదు, పాతమాట చెరగదు.

చిన్నబాపు 1991లో తిరిగి వచ్చినప్పుడు బాపమ్మ క్యాసెట్టును పెట్టెలో భద్రంగా తెచ్చాడు. దాని రేకులు రెండూ విరిచి ఉన్నవి. ఆమె పోయిన తర్వాతనే మేం దాన్ని విన్నాం. వెనక ఎక్కడో గని సైరను మోగుతున్నది. ఆమె అంటున్నది: "పైసలు తక్కువైనా మంచిదే కొడుకా, నువ్వు ఇంటికి రా." చిన్నబాపు పంపే డబ్బుతో నడిచే ఇంట్లో, ఈ మాట ఆమె ఎవరిచేత రాయించగలదు?

ఏళ్ళు గడిచినకొద్దీ టేపుమీద గొంతు బలహీనపడుతుంది. అందుకని మేం దాన్ని కంప్యూటరులోకి ఎక్కించాం. మీ అటకమీద కూడా క్యాసెట్లు ఉండవచ్చు. చేతిరాతతో పేరు రాసిన క్యాసెట్టు దొరికితే వెనక అంచు చూడండి. రేకులు విరిచి ఉంటే, ఎవరో చెరిపివేయడానికి మనసొప్పని మాట అందులో ఉన్నదన్నమాట.