బేస్ గిటారు పట్టిన మాస్టారు



వాచకాలను గురించి, వత్తులను గురించి, తెలుగు పీరియడు తగ్గిపోవడాన్ని గురించి వ్రాసే నేను ఈసారి లండన్ నగరంలోని ఒక పాటల బృందాన్ని గురించి వ్రాయబూనడం మీకు వింతగా తోచవచ్చు. నాకూ వింతగానే ఉన్నది. త్యాగరాజ కీర్తనలు, ఘంటసాల వారి పద్యాలు, అంతకు మించి సంగీతంలో నాకు ప్రవేశం లేదు.

బరంపురంలో నా దగ్గర తొమ్మిదవ తరగతి చదివిన ఒక విద్యార్థి ఇప్పుడు పూణేలో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న వేసవి సెలవులలో నా ఫోనుకు ఒక పాట పంపించి, "మాస్టారూ, ఒక్కసారి వినండి. ఇందులో మాస్టారు కూడా ఉన్నారు" అని వ్రాశాడు. విన్నాను. మొదటిసారి తలనొప్పి వచ్చినది. ఆ డ్రమ్ముల వేగానికి మా ఇంట్లో వారు గది తలుపు వేసుకొన్నారు. కాని ఆ హోరులో పాట పేరు చెవిన పడి ఆగిపోయాను. ఆ పేరు ‘నక్సలైట్’. శ్రీకాకుళానికి పొరుగున పుట్టి పెరిగిన వారికి ఆ మాట కొత్తది కాదు. ఆ మార్గంతో నాకు ఏకీభావం లేదు, అది వేరే విషయం. అయితే ఒడియా ఇంటిపేరు గల సుబ్బారావు పాణిగ్రాహి గారు తెలుగులో జముకుల కథ కట్టి ఊరూరా వినిపించినదీ, 1969 డిసెంబరులో మరణించినదీ మా ప్రాంతపు పెద్దలు ఎరిగిన సంగతులే. ఆ మాట లండన్ నృత్యశాలలకు ఎలా చేరినదో తెలుసుకోవాలనిపించినది. ఇక ‘ఇందులో మాస్టారు ఉన్నారు’ అన్న వాక్యం సరే సరి, అది నన్ను నిద్రపోనివ్వలేదు.

ఆ బృందం పేరు ఏషియన్ డబ్ ఫౌండేషన్. 1993లో లండన్‌లో పుట్టినది. అది పుట్టిన చోటు ఒక తరగతి గది అని తెలిసినప్పుడు నా ఆసక్తి రెట్టింపయినది.

కమ్యూనిటీ మ్యూజిక్ అనే శిక్షణ సంస్థ అక్కడ 1983లో ఏర్పడినది. దాని స్థాపకులలో ఒకరు జాన్ స్టీవెన్స్ అనే జాజ్ డ్రమ్ము వాద్యకారులు. వాయిద్యం ఎన్నడూ ముట్టని వారిని సైతం కూర్చోబెట్టి, వినడం, బదులు పలకడం అనే రెండింటితోనే పాఠం మొదలుపెట్టడం ఆయన పద్ధతి. ఆయన కూర్చిన అభ్యాసాలలో ఒకదానిలో ప్రతివారూ తమకు సాధ్యమైనంత పొట్టి శబ్దం మాత్రమే చేయవలెను. మరొకదానిలో ఒక ఊపిరి నిలిచినంతసేపు ఒకే స్వరం పట్టవలెను. ఇట్టి అభ్యాసాలను ఆయన ‘సెర్చ్ అండ్ రిఫ్లెక్ట్’ అనే పుస్తకంగా 1985లో వెలువరించారు. తెలిసిన దాని నుండి తెలియని దానికి పోవలెనని ఉపాధ్యాయ శిక్షణలో మనకు బోధించారు గదా. మనం దానిని పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొన్నాము. ఆయన దానిని ఊపిరితో చేయించారు.

1993 వేసవిలో ఆ సంస్థలో ఆసియా కుటుంబాల యువకులకు సంగీత యంత్రాల వినియోగం నేర్పే తరగతులు నడిచినవి. నేర్పినవారు అనిరుద్ధ దాస్, బేస్ గిటారు వాద్యకారులు. ఆయనకు తోడు జాన్ పండిట్ అనే యువజన కార్యకర్త. నేర్చుకోవడానికి వచ్చిన వారిలో దీదర్ జమాన్ అనే పదిహేనేళ్ళ బాలుడు ఉన్నాడు. బంగ్లాదేశ్ మూలాలు గల కుటుంబం అతనిది. తరగతులు ముగిసిన తరువాత గురువులు ఇంటికి పోలేదు, శిష్యుడూ పోలేదు. ముగ్గురూ కలిసి జాతివివక్ష వ్యతిరేక సభలలో వాయించడం మొదలుపెట్టారు. మరుసటి ఏడు స్టీవ్ చంద్ర సావలే చేరారు. గిటారు తీగలన్నిటినీ ఒకే స్వరానికి శ్రుతి చేసి వాయించడం ఆయన ప్రత్యేకత. మన తంబురా జ్ఞాపకం వస్తుంది.

వారి రంగస్థల నామాలు చూడండి. దాస్ గారు ‘డాక్టర్ దాస్’, పండిట్ గారు ‘పండిట్ జి’. పదిహేనేళ్ళ శిష్యుడు ‘మాస్టర్ డి’. నా విద్యార్థి చెప్పిన మాస్టారు వీరిలో ఎవరో ఇప్పటికీ నేను అడగలేదు.

వారు వాయించిన సంగీతాన్ని గురించి నాకు అర్థమైనంత వరకు చెబుతాను, తప్పులుంటే మన్నించండి. ఒక పాటలో గాయకుడూ తక్కిన వాద్యాలూ ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే కొద్ది క్షణాలను ‘బ్రేక్’ అంటారు. 1973లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతంలో, జమైకా నుండి వచ్చిన కూల్ హెర్క్ అనే యువకుడు ఆ క్షణాలనే ఎన్నుకొన్నాడు. తరువాత ఒకే పాట రికార్డులు రెండు పెట్టి, దీని మీద అయిపోగానే దాని మీద, ఆ ఖండాన్నే మళ్ళీ మళ్ళీ మ్రోగించాడు. హిప్-హాప్‌కు మూలం అది. ‘ది విన్‌స్టన్స్’ అనే అమెరికా బృందం 1969లో విడుదల చేసిన ‘ఆమెన్, బ్రదర్’ పాటలో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన ఆరేడు సెకన్ల డ్రమ్ము ఖండమొకటి ఉన్నది. 1990ల ఆరంభంలో బ్రిటన్ యువకులు దానిని వేగం పెంచి, ముక్కలుగా కోసి, ముక్కల వరుస మార్చి పేర్చి ‘జంగిల్’ అనే నృత్యసంగీతాన్ని తయారుచేశారు. మనం పదాన్ని విడదీసి, సంధి కలిపి, మళ్ళీ విడదీసినట్లన్నమాట. (ఆ కోల్‌మన్‌కు దానివలన దక్కినది ఏమీ లేదు. 2006లో నిలువ నీడ లేని స్థితిలో మరణించాడు.) ఈ వేగానికి జమైకా వారి ‘డబ్’ పద్ధతిలోని లోతైన బేస్ నాదాన్నీ, భారతీయ తాళాలనూ, దీదర్ గొంతునూ చేర్చినదే ఏషియన్ డబ్ ఫౌండేషన్.

ఆ గొంతులో అంత కోపం ఎందుకని మొదట నాకు తోచినది. ఆ 1993వ సంవత్సరాన్ని చదివిన తరువాత ఆ ప్రశ్న మిగలలేదు. ఏప్రిల్ 22న బస్సు కోసం నిలబడియున్న స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి విద్యార్థిని జాతి విద్వేషులు పొడిచి చంపారు. సెప్టెంబరులో తూర్పు లండన్‌లోని మిల్‌వాల్ వార్డులో బ్రిటిష్ నేషనల్ పార్టీ తన మొదటి కౌన్సిలర్‌ను గెలిపించుకొన్నది. దీదర్ తరగతికి వచ్చి కూర్చొన్నది ఆ వేసవిలోనే. అట్టి పిల్లవానికి ముందుగా ఏమి నేర్పవలెను? మీరే చెప్పండి.

బృందం పైకి రావడం తేలికగా జరుగలేదు. 1995లో వచ్చిన మొదటి ఆల్బమ్ ‘ఫ్యాక్ట్స్ అండ్ ఫిక్షన్స్’ను స్వదేశంలో పట్టించుకొన్నవారు తక్కువ. ముందుగా చెవి ఒగ్గినది ఫ్రాన్స్. 1997లో వారి రెండవ ఆల్బమ్ అక్కడే మొదట వెలువడినది. పాటలు ఆంగ్లంలో, శ్రోతలు ఫ్రెంచివారు, చరిత్ర బెంగాలుది, పంజాబుది! ప్రైమల్ స్క్రీమ్ అనే పేరుమోసిన రాక్ బృందం వీరిని తమతో పాటు యాత్రకు తీసుకొని వెళ్ళిన తరువాతనే బ్రిటన్ మేల్కొన్నది. ఆ ఆల్బమ్‌నే మే 1998లో ‘రఫీస్ రివెంజ్’గా తెచ్చినప్పుడు అది మెర్క్యురీ బహుమతి తుది జాబితాకు చేరినది. బహుమతి గోమెజ్ అనే మరొక బృందానికి పోయినది. ‘నక్సలైట్’ ఆ ఆల్బమ్‌లోనిదే. 1940లో మైకేల్ ఓడ్వయర్‌ను కాల్చిన ఉధమ్ సింగ్‌ను గురించిన పాట, చాలా ఏళ్ళుగా జైలులో ఉన్న సత్పాల్ రామ్‌ను విడువుమని కోరిన పాట కూడా అందులో ఉన్నవి. సత్పాల్ రామ్ 2002లో విడుదలయ్యారు.

నన్ను ఎక్కువగా కదిలించినది 2000వ సంవత్సరపు ఆల్బమ్ పేరు. ‘కమ్యూనిటీ మ్యూజిక్’ అని పెట్టుకొన్నారు, అంటే తాము చదివిన, చదువు చెప్పిన బడి పేరు. తమ పేరుతోనే ఒక విద్యా విభాగాన్నీ నడిపి యువకులకు నేర్పడం కొనసాగించారు. ఆ ఏడే దీదర్ బృందాన్ని విడిచిపోయాడు. తరువాత కొన్నేళ్ళకు దాస్ గారు కూడా బోధన వైపు మరలారు, మళ్ళీ కొంతకాలానికి బృందంలోకి తిరిగి వచ్చారు. మాస్టారి బుద్ధి ఎక్కడికి పోతుంది!

అయితే మిత్రులారా, భాషోపాధ్యాయునిగా నాకు ఇందులో ఒక కలవరం ఉన్నది. దానిని దాచి పొగడ్త మాత్రం వ్రాస్తే మీకు అన్యాయం చేసినవాడనవుతాను. దీదర్ పాడినది బెంగాలీలో కాదు. జమైకా యాస కలిసిన లండన్ ఆంగ్లంలో. ఆ దేశంలో 1975 నాటి బుల్లక్ నివేదిక, పిల్లవాడు బడి గడప దాటగానే ఇంటి భాషను వదలుకోవలసిన అవసరం ఉండరాదన్నది. చాలా మంచి మాట. పదేళ్ళకు 1985లో వచ్చిన స్వాన్ నివేదిక, మాతృభాషను నిలుపుకొనే బాధ్యత ఆయా సమాజాలదే తప్ప ప్రధాన పాఠశాలలది కాదన్నది. ఒడిశాలో, తమిళనాడులో, కర్ణాటకలో తెలుగు చెప్పే మనకు ఈ రెండవ మాట వేరే విధంగా, వేరే వేరే నోళ్ళ నుండి వినబడుతూనే ఉన్నది గదా. బెంగాలీని ప్రేమించడంలో ఆ సమాజం ఎవరికీ తీసిపోదు. 1978 మే 4న జాతి విద్వేషానికి బలియైన అల్తాబ్ అలీ అనే కుట్టుపని కార్మికుని పేరు పెట్టుకొన్న వైట్‌చాపెల్ ఉద్యానవనంలో, 1999లో వారు ఢాకా షహీద్ మినార్‌కు ప్రతిరూపం నిలబెట్టుకొన్నారు. అదే ఏడు నవంబరులో యునెస్కో ఫిబ్రవరి 21ని మాతృభాషా దినోత్సవంగా ప్రకటించినది. అంతటి సమాజపు బిడ్డ నోట చరిత్ర నిలిచినది, భాష నిలువలేదు. దీనికి సంతోషించవలెనా? నేను పూర్తిగా సంతోషించలేకున్నాను.

ఇక నా సంగతి. పాట పంపిన ఆ విద్యార్థి, తొమ్మిదవ తరగతిలో ఉండగా, ఫిబ్రవరి 21 సభ కోసం ఒక నోటుపుస్తకం తెచ్చి చూపించాడు. తానే వ్రాసిన పాట. మా వీధులలో పిల్లలు మాట్లాడే తెలుగు, మధ్యలో ఒడియా మాటలు, రెండు చోట్ల హిందీ. బల్ల మీద వ్రేళ్ళతో దరువు వేస్తూ వినిపించాడు. బజారు, రైలుగేటు, వాళ్ళ అమ్మమ్మ తిట్లు, అన్నీ ఉన్నవి. రెండు నిమిషాలు కూడా విననివ్వలేదు నేను. "ఇది తెలుగు కాదురా, మాతృభాషా దినోత్సవం నాడు ఇదేమి సంకరం" అని, ఒక శతక పద్యం ఇచ్చి కంఠస్థం చేయమన్నాను. తప్పు లేకుండా చదివాడు. చప్పట్లు కొట్టారు. మరుసటి ఏడు తెలుగు వదలి వేరే భాష తీసుకొన్నాడు. తెలుగు మానేసే పిల్లల జాబితాలో వాని పేరు నేనే నా చేతితో వ్రాశాను, కారణం గడిలో ‘ఆసక్తి లేదు’ అని నింపాను.

పద్యం చెప్పడం తప్పని నేననను. ఛందస్సు లేకుండా తెలుగు లేదనే ఇప్పటికీ నా నమ్మకం. గణాలను వ్రేళ్ళ మీద లెక్కించే నేను, వాడు వ్రేళ్ళతో వేసిన దరువులోని లెక్కను వినలేదు, అంతే. రెండూ ఒకే బల్ల మీద జరిగినవి.

పోయిన వారం వానికి జాబు వ్రాశాను. ఆ నోటుపుస్తకం ఉన్నదా, ఉంటే ఒకసారి పంపు అన్నాను. "లేదు మాస్టారూ, ఇల్లు మారినప్పుడు అమ్మ పాత పేపర్లవాడికి వేసేసింది" అని జవాబు వచ్చినది. కొంతసేపటికి మరొకటి వచ్చినది, ముప్పై సెకన్ల శబ్దం. మాటలు లేవు. బల్ల మీద వ్రేళ్ళు మాత్రం ఉన్నవి.

ఈ ఏడు తొమ్మిదవ తరగతిలో చివరి బెంచీలో ఒకడు ఇలాగే కొడుతుంటాడు. సోమవారం బడి విడిచిన తరువాత ఉండమన్నాను. ఎందుకో తెలియక బిక్కమొహం వేసుకొని వెళ్ళాడు.