రూర్ లోయ ప్రయాణం – ఒక కార్డు లెక్క

మా నాన్నగారు రూర్కెలా ఉక్కు కర్మాగారంలో ఫోర్‌మన్‌గా పనిచేశారు. పశ్చిమ జర్మనీ సహకారంతో నిర్మితమైన ఆ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 3న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. తనకు పని నేర్పిన జర్మన్ ఇంజనీర్లను తలచుకున్నప్పుడల్లా నాన్నగారు, "వాళ్లది డూయిస్‌బర్గ్ అట. రైన్, రూర్ నదులు కలిసే చోటట. ఎప్పుడైనా చూడాలిరా" అనేవారు. ఆయన చూడకుండానే వెళ్లిపోయారు. నేనూ ఉక్కు రంగంలోనే ముప్పై ఏళ్లు గడిపాను. గత సంవత్సరం మా అమ్మాయి ఆఖెన్ నగరంలో పైచదువు పూర్తిచేసిన సందర్భంగా నేనూ, నా శ్రీమతీ జర్మనీ ప్రయాణం తలపెట్టినప్పుడు ఆ మాట మళ్లీ జ్ఞాపకం వచ్చింది.

వీసాలు, టిక్కెట్లు సమకూడిన తరువాత ఒక చిన్న సమస్య మిగిలింది. అక్కడి ఖర్చులకు ఏ క్రెడిట్ కార్డు తీసుకోవాలి? ఒక మిత్రుడు రివార్డు పాయింట్లిచ్చే ట్రావెల్ కార్డును ఎంతో మెచ్చుకున్నాడు. విమానాశ్రయంలో లాంజి, పాయింట్లతో ఉచిత టిక్కెట్టు వంటి సదుపాయాలు వినగానే నాకూ ఆశ పుట్టింది. దరఖాస్తు దాదాపు పూర్తిచేశాను. అప్పుడు నా శ్రీమతి అడిగింది: "ఏమండీ, నలభై వేల రూపాయల టిక్కెట్టు ఉచితంగా రావాలంటే మనం ఎంత ఖర్చుపెట్టాలి?"

ఆ ప్రశ్నకు సమాధానం కాగితం మీద వేశాను. ఆ కార్డుపై వంద రూపాయల ఖర్చుకు నాలుగు పాయింట్లు, పాయింటు విలువ పావలా. అంటే నూటికి ఒక రూపాయి. నలభై వేల రూపాయల టిక్కెట్టుకు నలభై లక్షలు ఖర్చు చేయాలి! నేను సిగ్గుపడి కలం కింద పెట్టాను.

అయితే ఇంజనీరుకు అలవాటైన పని ఒకటుంది. ఫర్నేసులోకి పోయే ఉష్ణమెంత, బయటకు వచ్చేదెంత, వృథా అయ్యేదెంత అని సమతుల్యపు పట్టిక వేస్తాం. కార్డుకూ అదే పట్టిక వేశాను. విదేశీ కరెన్సీలో చేసే ఖర్చుపై సాధారణంగా బ్యాంకులు 3.5 శాతం వరకు మార్కప్ రుసుము తీసుకుంటాయి. దానిపై 18 శాతం జి.ఎస్.టి. కలిపితే 4.13 శాతం. మా అంచనా ఖర్చు రెండు లక్షలు. ఆ లెక్కన రుసుము 8,260 రూపాయలు. వార్షిక రుసుము మూడు వేలు, దానిపై పన్ను 540. వచ్చే పాయింట్ల విలువ రెండు వేలు. నికరంగా 9,800 రూపాయల నష్టం. మార్కప్ లేని సాదా కార్డుకైతే పాయింట్లు లేవు, లాంజీ లేదు. వార్షిక రుసుము పన్నుతో కలిపి 590 రూపాయలు. తేడా 9,210. ఆ సాదా కార్డే తీసుకున్నాం.

అయినా కాగితం మీద లెక్క కుదిరినంత మాత్రాన ప్రయాణం సాఫీగా సాగదు. ఆఖెన్ స్టేషనులో టిక్కెట్టు యంత్రం నా కార్డును తిరస్కరించింది. బండికి పది నిమిషాల వ్యవధి ఉంది. తప్పు నాదే. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డులు మన దేశంలో వాడకానికే సిద్ధంగా వస్తాయి. విదేశీ వాడకాన్ని మనమే ప్రారంభించుకోవాలి. ఇంటివద్ద చేయవలసిన ఆ పనిని మరచి, ప్లాట్‌ఫారం మీద చెమటలు కక్కుతూ ఫోనులో చేశాను. బండి అందింది.

హోటలులో మరొక పాఠం. చెల్లింపు యంత్రం "రూపాయలలోనా, యూరోలలోనా?" అని అడిగింది. రూపాయలు చూడగానే మన ఇల్లు గుర్తుకు వస్తుంది గాని, ఆ మార్పిడి రేటును నిర్ణయించేది మన బ్యాంకు కాదు. అందులో అదనపు వడ్డింపు ఉంటుంది. ఎప్పుడూ స్థానిక కరెన్సీనే ఎంచుకోవాలి. మరునాడు డూయిస్‌బర్గ్‌లో ఒక చిన్న రొట్టెల దుకాణంలో కార్డే తీసుకోలేదు, నగదు మాత్రమే అన్నారు. శ్రీమతి చేతిసంచిలోని యాభై యూరోల నోటు మమ్మల్ని కాపాడింది.

అక్కడి నుంచి లాండ్‌షాఫ్ట్స్‌పార్క్‌కు వెళ్లాం. 1901లో స్థాపితమైన ఆ ఇనుప కర్మాగారం 1985లో మూతపడింది. దాన్ని కూల్చివేయక, 1994లో ఉద్యానవనంగా ప్రజలకు తెరిచారు. పాత గ్యాసోమీటరును నీటితో నింపి ఈతగాళ్లకు డైవింగు నేర్పుతున్నారు. ఖనిజపు బంకర్ల గోడలపై యువకులు పర్వతారోహణ సాధన చేస్తున్నారు. ఐదవ నంబరు బ్లాస్ట్ ఫర్నేసుపై దాదాపు డెబ్బై మీటర్ల ఎత్తువరకు మెట్లెక్కవచ్చు. ప్రవేశ రుసుము లేదు. మా యాత్రలో అన్నిటికంటె విలువైన ఆ చోట ఏ కార్డూ తీయనక్కరలేకపోయింది.

సగం మెట్ల దగ్గర శ్రీమతి ఆగిపోయింది. నేను పైకి వెళ్లాను. మండుతున్న ఫర్నేసును ముప్పై ఏళ్లుగా చూసినవాడిని. చల్లారిన ఫర్నేసు ఒంటిపై చేయి ఆనించడం అదే మొదటిసారి. పడమట రైన్ వైపు ఇంకా పనిచేస్తున్న ఉక్కు కర్మాగారపు పొగ కనిపించింది. నాన్నగారి ఇత్తడి హాజరు బిళ్లను జేబులోంచి తీసి కాసేపు ఆ కమ్మీపై ఉంచాను. "చూశాను నాన్నా" అనుకున్నాను. కిందికి దిగేసరికి శ్రీమతి నా ముఖం చూసి ఏమీ అడగలేదు. మంచినీళ్ల సీసా అందించింది.

తిరిగివచ్చాక బిల్లు గడువులోగా పూర్తిగా చెల్లించాను. బాకీ మిగిల్చితే చాలా కార్డులపై నెలకు మూడు శాతానికి మించి వడ్డీ పడుతుంది. ఏ పాయింట్లూ దానికి సరిపోవు. కార్డుతో నగదు తీస్తే తీసిననాటి నుంచే వడ్డీ లెక్కిస్తారు. విదేశయాత్ర తలపెట్టే మిత్రులకు నా మనవి ఇంతే: మార్కప్ చూడండి, విదేశీ వాడకాన్ని ఇంటివద్దే ప్రారంభించుకోండి, రెండవ కార్డునూ కొంత నగదునూ వేరే సంచిలో ఉంచండి. ఎవరిని తలచుకొని, ఏది చూడడానికి బయలుదేరుతున్నారో ముందుగా నిశ్చయించుకోండి. కార్డు ఎంపిక ఆ తరువాతి పని.