ఆరిన గుడ్డ

2024 సెప్టెంబరు మొదటి వారంలో మేమంతా టీవీలో బెజవాడ సింగ్‌నగర్ మునగడం చూస్తూ కూర్చున్నాం. ఆ బుడమేరు నీళ్లు చివరికి మన కొల్లేటికే వస్తాయని, ఏలూరులో ఉండి కూడా నాకు తట్టలేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ కొల్లేట్లోకే. సముద్రంలోకి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. అందుకే లంక గ్రామాల్లోకి వచ్చిన నీరు ఓ పట్టాన పోదు.

మా వీధికి చేపలు తెచ్చే ఆవిడది ఆ లంకల్లోనే ఓ ఊరు. కొన్నాళ్లు కనబడలేదు. ఓరోజు ఖాళీ చేతులతో వచ్చింది. ఇంట్లోకి నీళ్లొచ్చాయట. పురిటికొచ్చిన కూతుర్ని, ఇరవై రోజుల పసిగుడ్డుని పడవలో దాటించి, మా పక్కపేటలో చుట్టాలింట్లో పెట్టిందట.

నాకు కడుపు తరుక్కుపోయింది. వెంటనే మందుల షాపుకెళ్లి పాలపొడి డబ్బా, రెండు పాలసీసాలు కొని పట్టుకెళ్లాను. పెద్ద సాయమే చేస్తున్నానని లోపల కాస్త గర్వం కూడా. దాచుకోవడమెందుకు?

ఒక్క గదిలో తొమ్మిది మంది. ఆ అమ్మాయి డబ్బా అందుకుని, "పాలు బానే పడుతున్నాయండి. ఆరిన గుడ్డే లేదు" అంది మొహమాటంగా. తాడు మీద గుడ్డలు ముట్టుకుంటే అన్నీ చెమ్మే. బిడ్డ తొడలు ఎర్రగా ఒరుసుకుపోయాయి.

అప్పుడే వచ్చిన ఆశా కార్యకర్త డబ్బా చూసి, "సీసాలు మరగబెట్టడానికి ఇక్కడ వీలెక్కడుందండీ? బిడ్డకి విరేచనాలు పట్టుకుంటాయి. డబ్బాపాలు మరిగితే తల్లికి పాలు తగ్గిపోతాయి. పాలు లేని తల్లికైతే డాక్టరుగారు చెప్తారు. ఇలా ఊరికే పంచకూడదని 1992లోనే చట్టం వచ్చింది" అంది. ఇంటికొచ్చి చూస్తే, తల్లిపాలే మేలని ఆ డబ్బా మీదే అచ్చేసి ఉంది. ఇద్దరు పిల్లల్ని పెంచాను, ఏనాడూ చదవలేదు.

తాడేపల్లిగూడెంలో నా పురుళ్లకి మా అమ్మ నెల ముందే పాత నూలు చీరలు ఉతికి, చింపి, మడతలు పెట్టి ఉంచింది. ఇప్పుడు నా బీరువా తీస్తే అన్నీ సిల్కు, సింథటిక్కే.

అత్తయ్య అంతా విని, ట్రంకుపెట్టె తెరిచి మావయ్యగారి పంచెలు తీశారు. ఆయన పోయి ఆరేళ్లు. ఏటా ఎండలో వేసి మళ్లీ దాచేవారు, నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. "వద్దత్తయ్యా, కొత్తవి కొందాం" అన్నాను.

"కొత్తగుడ్డ పసివాడి ఒంటికి గరుగ్గా ఉంటుందే. ఇవైతే ఉతికి ఉతికి మెత్తబడ్డాయి" అంటూ మొదటిది చర్రున చింపారు. రెండోదాని దగ్గర కాసేపు ఆగిపోయారు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఇరవై ఎనిమిది ముక్కలయ్యాయి. ఇస్త్రీ చేసి, తడవకుండా ప్లాస్టిక్ సంచిలో కట్టాను. వాటితోపాటు సబ్బులు, దోమతెర, తల్లికి రెండు నైటీలు, ప్యాడ్లు, క్యారేజీలో వేడన్నం, పప్పు తీసుకెళ్లాను. పాలడబ్బా షాపువాడికి తిరిగిచ్చేశాను.

దసరా వెళ్లాక చేపలావిడ మళ్లీ బుట్టతో వచ్చింది. ఉతికి మడతపెట్టిన గుడ్డలు కూడా తెచ్చింది. "పెద్దమ్మగారు దాచుకున్నవంట కదా" అంది. అత్తయ్య ఒక్క ముక్క ఉంచుకుని మిగతావి ఆవిడ చేతిలోనే పెట్టేశారు. "తీసుకెళ్లవే, వాడింకా తడపడం మానలేదుగా!"

ఆ ముక్క మళ్లీ ట్రంకుపెట్టెలోకి వెళ్లింది. నేను మాత్రం అప్పట్నించీ పాత నూలు బట్టలు స్టీలు సామాన్లవాడికి వెయ్యడం మానేశాను. మీరూ ఓ నాలుగు దాచి ఉంచండి.