మెడ్యూసాయిడ్: జెల్లీ చేప కాదు, జెల్లీ చేపలాంటిది

థైరాయిడ్ అనే మాట వినని ఇల్లు ఈ రోజుల్లో లేదు. పరగడుపున ఆ మాత్ర వేసుకునేవాళ్లు మనలోనే ఎంతమందో! ఆ మాట చివరున్న ‘ఆయిడ్’కి అర్థం తెలిస్తే ఇంగ్లీషు సైన్సు మాటలు చాలా వాటికి తాళం తీసినట్టే. ఈమధ్య అరకులో మా పక్కింటి పాపకి అది బాగా అక్కరకొచ్చింది.

పాప ఇంటర్ బైపీసీ. ఇంట్లో ఆదివాసీ ఒడియా, బయట తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. క్లాసులో ‘మెడ్యూసాయిడ్’ అన్న మాట దగ్గర నాలుక తడబడితే వెనక బెంచీ వాళ్లు నవ్వారట. వారం తిరిగితే అదే పాఠం మీద అందరి ముందూ మాట్లాడాలి. “ఆ రోజు కాలేజీకి వెళ్లను ఆంటీ. అసలు సైన్సే నాకొద్దు” అంది. చదువులో చురుకైన పిల్ల ఒక్క మాటకి జడిసి వెనక్కి తగ్గితే ఎలా చెప్పండి?

నాకు జువాలజీ రాదు. కానీ బీఏ తెలుగు చదివినదాన్ని, మాటని విడదీయడం వచ్చు. నిఘంటువు ముందేసుకుని, సంధి విడదీసినట్టే విడదీశాం: మెడ్యూసా, ఆయిడ్.

మెడ్యూసా గ్రీకు కథల్లోని రాక్షసి. తల నిండా జుట్టుకి బదులు పాములు. జెల్లీ చేపకి గొడుగులాంటి ఒళ్లు, దాని అంచున వేలాడే తీగలు ఉంటాయి. ఆ తీగలు పాముల్లా ఉంటాయని 18వ శతాబ్దంలో లిన్నేయస్ దానికి ఆ పేరిచ్చాడు. ‘ఆయిడ్’ గ్రీకు ‘ఎయిదోస్’ నుంచి వచ్చింది. అంటే రూపం. థైరాయిడ్ డాలులాంటిది, ఆస్టరాయిడ్ చుక్కలాంటిది, మెడ్యూసాయిడ్ జెల్లీ చేపలాంటిది. ఇంకో సంగతి, ఆ ‘ఎయిదోస్’కీ మన ‘విద్య’కీ మూలధాతువు ఒక్కటేనట!

“లాంటి అంటే మా ఒడియాలో ‘పరి’” అంది పాప, మొహం కాస్త విప్పారి.

ఇక పలకడం. మె, డ్యూ, సాయిడ్. ‘మె’ తేలిగ్గా అనేసి, ‘డ్యూ’ని నొక్కి, ‘సాయిడ్’ దగ్గర దిగిపోవాలి. అమెరికా వాళ్లు ‘డూ’ అంటారు. అదీ తప్పు కాదు.

ఇందులో అసలు కిటుకు ‘లాంటి’లోనే ఉంది. ఒబీలియాలో మెడ్యూసా మొగ్గ పూర్తిగా ఎదిగి, తల్లి నుంచి విడిపోయి ఈదుకుంటూ పోతుంది. దాని చుట్టాల్లో కొన్నిటికి ఆ మొగ్గ సగమే ఎదిగి తల్లినే అంటిపెట్టుకుని ఉండిపోతుంది. దాన్ని మెడ్యూసా అనలేం, కాదనీ అనలేం. అందుకే మెడ్యూసాయిడ్.

1946లో ఆస్ట్రేలియాలోని ఎడియకారా కొండల్లో రెజ్ స్ప్రిగ్‌కి రాళ్ల మీద గుండ్రటి ముద్రలు దొరికాయి. 50 కోట్ల ఏళ్లకి పైబడినవి. ఆయన వాటిని జెల్లీ చేపలనుకున్నాడు. వాటిలో చాలా మటుకు, ఆకులాంటి జీవులు సముద్రం అడుగున పట్టుకుని నిలబడిన మొదళ్లని తర్వాత తేలింది. మెడ్యూసాయిడ్ అన్నవాళ్లకి మాత్రం మాట మార్చుకునే పని పడలేదు. చూసింది చూసినంతే చెప్పడం ఎంత మంచి అలవాటో!

చెప్పాల్సిన రోజున పాప వెళ్లింది. బోర్డు మీద ముందు పుట్టగొడుగు బొమ్మ వేసి, “ఇది కూడా మెడ్యూసాయిడ్ ఆకారమే, కానీ జెల్లీ చేప కాదు” అని మొదలుపెట్టిందట. ఈసారి వెనక బెంచీ నుంచి నవ్వు రాలేదు, ప్రశ్న వచ్చింది: “మరి స్టెరాయిడ్ అంటే?”

సాయంత్రం వస్తూనే తనే చెప్పింది నాకు: “స్టెరాల్ లాంటిది, ఆంటీ!”