జేబులో రాళ్లు

ఈసారి గోడపత్రికకు నేను కథ రాయలేదు. నేను చేసిన ఒక తప్పు రాస్తున్నాను.

2024 జూలైలో హాస్టల్ రిజిస్టరులో నా బరువు 42 కిలోలు. ఆగస్టులో 40. "ఏరా, సరిగా తింటున్నావా?" అని వార్డెన్ సారు అడిగితే "తింటున్నానండి" అన్నాను. నిజానికి రెండు ముద్దలకే చాలనిపించేది. ప్యాంటు జారిపోతుంటే మొలతాడులో దోపుకునేవాడిని. మీరంతా "వెదురుబొంగు" అని పిలిస్తే నేనూ నవ్వేవాడిని. రాత్రిపూట చెమటకు దుప్పటి తడిసేది. దగ్గు వస్తుంటే వానాకాలం కదా అని ఊరుకున్నాను.

లోపల మాత్రం భయమే. మా చిన్నాన్న కూడా ఇలాగే చిక్కిపోతే టీబీ అన్నారు. రెండు నెలలు మందు మింగి, బాగైపోయానని మానేశాడు. జబ్బు మళ్లీ తిరగబెట్టింది. ఊళ్లో ఆయనకు వేరే గ్లాసు పెట్టారు. నాకూ అదే అయితే ఇంటికి పంపేస్తారు, చదువు ఆగిపోద్ది అనుకున్నాను. అందుకే సెప్టెంబరులో తూకం రోజున గెడ్డలో ఏరిన రెండు పెద్ద రాళ్లు జేబుల్లో వేసుకుని ఎక్కాను. ముల్లు 40 దగ్గర ఆగింది. గెలిచాననుకున్నాను.

నా పక్క మంచం స్నేహితుడు ఆ రాళ్లు చూసి సారుకు చెప్పేశాడు. కోపంతో వాడితో నాలుగు రోజులు మాట్లాడలేదు. రాళ్లు తీసి తూస్తే 38న్నర!

సారు నన్ను పీహెచ్‌సీకి తీసుకెళ్లారు. మనం కావాలని తగ్గించుకోకుండా బరువు తగ్గితే దాన్ని వదిలేయకూడదని డాక్టరుగారు చెప్పారు. పిల్లలు మూడు నెలల్లో 5 శాతం కంటే ఎక్కువ తగ్గితే టీబీ ఉందేమో చూడాలంట. 42లో 5 శాతం అంటే రెండు కిలోల పైచిలుకే. నేను మూడున్నర తగ్గాను. తెమడ పరీక్ష, ఎక్స్‌రే చేశారు. టీబీయే.

బరువు తగ్గిన ప్రతివాడికీ టీబీ ఉండదు. కడుపులో నులిపురుగులు ఉన్నా, థైరాయిడ్ తేడా వచ్చినా, మనసులో దిగులున్నా తగ్గొచ్చు. విపరీతమైన దాహం, మాటిమాటికీ ఒంటేలు ఉంటే అది షుగరు కావచ్చు, పిల్లలకు కూడా వస్తుంది. ఏదన్నది పరీక్షతోనే తెలుస్తుంది.

ఆరు నెలలు రోజూ మాత్రలు మింగాను. మందు ఉచితం. ఎన్ని మాత్రలన్నది కూడా బరువును బట్టే ఇస్తారు. మంచి తిండి కోసం ప్రభుత్వం నెలకు 500 రూపాయలు ఇచ్చేది, 2024 నవంబరు నుంచి అది 1000 అయింది. టీబీ దగ్గినప్పుడు గాలి ద్వారా అంటుకుంటుంది, గ్లాసు వల్లా కంచం వల్లా కాదు. మందు సరిగా వాడితే కొద్ది వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది.

నా స్నేహితుడికీ పరీక్ష చేశారు. ఏమీ లేదన్నారు. ఆ మాట విన్నాకే నాకు ఏడుపొచ్చింది. నేను దాచిన రాళ్లు నాతోపాటు వాడినీ ముంచేవి కదా!

2025 మార్చిలో మందు పూర్తయింది. చదువు ఆగలేదు. ఇప్పుడు నా బరువు 45, రాళ్లు లేకుండానే!

మిత్రులారా, తూకం రోజున తప్పించుకోకండి. పోయిన నెల అంకె చూసుకోండి. తగ్గితే నవ్వకుండా, దాచకుండా సారుకు చెప్పండి. స్నేహితుడిది తగ్గినా చెప్పండి. వాడు నాలుగు రోజులు అలిగితే అలగనీయండి.

ఇట్లు,
మీ వెదురుబొంగు,
9వ తరగతి