సముద్రాన్ని కూడా లెక్కలో రాయండి

ఫిలిప్పీన్స్ అంటే మన విశాఖ ఇళ్లల్లో ఈ మధ్య ముందుగా గుర్తొచ్చేది ఎంబీబీఎస్ సీటు. దావావోకో మనీలాకో పిల్లల్ని పంపిన తల్లిదండ్రులు మీ వీధిలోనూ ఉండే ఉంటారు. పోర్టు వైపు ఉద్యోగాలు చేసేవాళ్లకైతే ఆ దేశం ఇంకాస్త దగ్గర. ఓడ ఏ దేశానిదైనా కావచ్చు, పనిచేసే నావికుల్లో ఫిలిప్పీన్స్ వాళ్లు తరచూ కనిపిస్తారు.

నాకు ఆ దేశంలో బాగా నచ్చిన సంగతి వేరే ఉంది. అక్కడ సముద్రపు ఒడ్డున ఎంత మారుమూల ఊరి పేరు చెప్పినా దానికో పట్టిక దొరుకుతుంది. ఏ దీవిలో ఉంది, ఇరుగు పొరుగు ఊళ్లేవి, భూమెంత, బరంగాయ్‌లు ఎన్ని, ఒక్కో బరంగాయ్‌లో జనం ఎందరు... అన్నీ. మున్సిపాలిటీ అని పేరే గానీ వాటిలో చాలా వరకు కొబ్బరితోటలు, వరిపొలాలు, చేపలవాళ్ల ఇళ్లు కలిసిన పల్లె ప్రాంతాలే. బరంగాయ్ అంటే మన పంచాయతీ అనుకోండి, దానికి ఎన్నికైన పెద్ద ఒకరుంటారు. 7,641 దీవులున్న దేశంలో ఇలాంటి బరంగాయ్‌లు 42 వేల పైచిలుకు. 2020లో, కోవిడ్ ఉన్న ఏడాదిలోనే, జనాన్ని లెక్కపెట్టి 10.9 కోట్లని తేల్చారు. 2024లో మళ్లీ లెక్కపెట్టి 11.27 కోట్లన్నారు. రెండుసార్లూ బరంగాయ్ వారీగా అంకెలు బయటపెట్టారు.

మనకు ఆఖరి జనగణన 2011ది. ఈ మాట ఇక్కడ అనేసి ముందుకు పోదాం, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

అలాంటి పట్టికే మన తీరంలో ఒక ఊరికి వేద్దామంటే నేను భీమిలినే ఎంచుకుంటాను. మీరూ కాదనరు. విశాఖ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని ఈశాన్యంగా 25 కిలోమీటర్ల దాకా పోతే భీమునిపట్నం. దారిలో ఎడమ చేతి వైపు తొట్లకొండ, దాని కింద మంగమారిపేట, ఇంకొంచెం ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. ఆ దిబ్బలు గాలీ అలలూ వానా కలిసి వేల ఏళ్లపాటు పేర్చినవి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి. ఊరి వెనక పావురాలకొండ, దాని మీద బౌద్ధుల కాలంలో రాతిలో తొలిచిన నీటి తొట్లు. ముందు బంగాళాఖాతం.

ఇక గోస్తని. ఈ నది గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల్ని తొలుచుకుంటూ బయటపడుతుంది. మీరు బొర్రాలో చూసి ఆశ్చర్యపోయే ఆ సున్నపురాయి ఆకారాల్లో దీని చేతిపనీ ఉంది. తాటిపూడి దగ్గర జలాశయంలో ఆగి విశాఖ నగరానికి తాగునీరవుతుంది. మిగిలింది చిట్టివలస మీదుగా వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసేచోటే ఊరికి ప్రాణం. ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోట చేపపిల్లలు పెరుగుతాయి, పడవలకు నీడ దొరుకుతుంది. ఒకప్పుడు ఓడల వాళ్లను ఇక్కడికి రప్పించింది కూడా ఈ నదీముఖమే.

డచ్చివాళ్లు 17వ శతాబ్దంలోనే ఇక్కడ కొట్లు కట్టారు. వాళ్ల శ్మశానంలో 1661 నాటి సమాధి ఉంది. బట్టల కోసం వచ్చిన వర్తకులు, మన ఎండకూ జ్వరాలకూ తట్టుకోలేక కొందరు చిన్న వయసులోనే పోయారు. డచ్చివాళ్లు ఇంగ్లీషువాళ్లతో చేసుకున్న 1824 ఒప్పందం తర్వాత, 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. 1861లో మున్సిపాలిటీ అయింది. దేశంలోని పాత మున్సిపాలిటీల్లో ఇదొకటని భీమిలివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాల్సిందే. అప్పట్లో ఓడలు ఒడ్డుకు రాలేక దూరంగా లంగరేస్తే, మసూలా పడవల మీద సరుకు మోసి ఎక్కించేవాళ్లు. కరక్కాయలు, నూనెగింజలు, తోళ్లు, గోగునార. ఆ గోగునారకు ప్రపంచ మార్కెట్టులో బిమ్లీ జనపనార అనే పేరు స్థిరపడింది. అలలు విరిగే చోట పడవ తిరగబడకుండా దాటించడం తీరంలో పుట్టి పెరిగినవాళ్లకే చేతనవుతుంది. ఊరికి వచ్చిన ప్రతి రూపాయీ ముందు ఆ పడవల మీదుగా దాటింది.

1901 లెక్కలు చూడండి. భీమునిపట్నం జనాభా 10,212. విశాఖపట్నం జనాభా 40,892. అంటే ఒకటికి నాలుగు. రెండూ ఒకే తీరంలోని రేవులు, పెద్దదీ చిన్నదీ అనే తేడా తప్ప ఒకే జాతి ఊళ్లు.

ఆ తర్వాతి కథ మీకు తెలిసిందే, అయినా భీమిలి వైపు నుంచి ఒకసారి చూడండి. రైలు మార్గం విజయనగరం మీదుగా లోపలి నుంచే పోయింది, భీమిలికి రాలేదు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ విశాఖ కొత్త హార్బరులోకి వచ్చింది. డాల్ఫిన్ నోస్ చాటున, లోపలికి తవ్విన కాలువలో, అల తగలని చోట ఓడ నిలబడ్డాక, నడి సముద్రంలో లంగరేసి పడవల మీద సరుకు మోసే రేవుకు ఎవరొస్తారు? 1941లో షిప్‌యార్డుకు పునాది, 1957లో రిఫైనరీ, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన. 2011 నాటికి నగరం 17.28 లక్షలు. చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడింది. దాంతో గోగునార పేరుతో బతికిన ఆఖరి పెద్ద పనిచోటూ పోయింది.

2013లో భీమిలి మున్సిపాలిటీని, అనకాపల్లితో పాటు, మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిపారు. నా మాట సూటిగా చెబుతాను. ఆ కలపడంలో రోడ్లూ దీపాలూ ఎంత వచ్చాయో గానీ, ఊరు తన లెక్క పోగొట్టుకుంది. 1861 నుంచి తనదంటూ ఒక వరస ఉన్న ఊరు ఇప్పుడు 98 వార్డుల్లో మొదటి కొన్ని వార్డులు. పల్లె పల్లెగా ఉన్నప్పుడు జనగణన పుస్తకంలో దానికో వరస ఉంటుంది. నగరంలో కలిశాక వార్డు నంబరే మిగులుతుంది. మంగమారిపేటలో ఎన్ని ఇళ్లు, చేపలుప్పాడలో ఎందరు ఆడవాళ్లు తట్టలు నెత్తిన పెట్టుకుని అమ్మకానికి పోతున్నారు, ఎందరు పిల్లలు పదో తరగతి దాటారు అని వార్డు అంకె చెప్పదు. అదే వార్డులో కొత్తగా లేచిన అపార్టుమెంటు జనం కూడా కలిసిపోతారు మరి. భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ఆ రోడ్డు పొడుగునా లేచిన విల్లాలు చూశారుగా. సగటు తీస్తే అందరూ బాగానే ఉన్నట్టు కనిపిస్తారు.

పేర్లు పోయిన పల్లెలు విశాఖకు కొత్త కాదు. గంగవరం, దిబ్బపాలెం జాలర్లు పోర్టు కోసం ఒడ్డు వదిలారు. ఇళ్లకు బదులు ఇళ్లివ్వొచ్చు, పడవ దించే ఒడ్డుకు బదులు ఏమిస్తారు? ఆ ఒడ్డు ఏ పట్టికలోనూ ఆస్తిగా రాసి లేదు.

ఫిలిప్పీన్స్ నుంచి నేర్చుకోవాల్సింది నాకు సరిగ్గా ఇక్కడే కనిపిస్తుంది. వాళ్ల 1991 స్థానిక ప్రభుత్వాల చట్టం, 1998 మత్స్య చట్టం కలిసి, తీరం నుంచి 15 కిలోమీటర్ల దాకా సముద్రాన్ని ఆ మున్సిపాలిటీ నీళ్లుగా గుర్తిస్తాయి. ఆ నీళ్లలో మొదటి హక్కు చిన్న పడవలవాళ్లది. అదే 1991 చట్టం ప్రకారం ప్రభుత్వం పంచే పన్ను డబ్బులో ఊళ్ల వాటా తేల్చేటప్పుడు సగం జనాభాను బట్టి, పావు వంతు భూమిని బట్టి, మిగతా పావు అందరికీ సమానంగా ఇస్తారు. భూమి తక్కువుండి బతుకంతా నీటి మీదే గడిచే ఊళ్లకు దీనివల్ల అన్యాయం జరుగుతోందని, సముద్రాన్ని కూడా విస్తీర్ణంలో కలపమని అక్కడి ప్రతినిధులు బిల్లులు పెడుతూ వచ్చారు. ఎంత న్యాయమైన కోరికో చూడండి. అక్కడ కూడా పెద్ద ఓడల కంపెనీలతో చిన్న జాలర్ల తగువు తెగలేదు, ఆ మాట దాచను. కానీ తగువు పడటానికి వాళ్ల చేతిలో చట్టం గీసిన గీత ఉంది, దాన్ని అడగడానికి ఊరి పేరు మీద ఒక పాలకవర్గం ఉంది.

మనకూ గీత ఉంది. ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం, 1994. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదు, అది తెప్పలవాళ్లది, చిన్న నావలవాళ్లది. అయితే ఆ 8 కిలోమీటర్ల మీద వార్డుకు గానీ నగరపాలక సంస్థకు గానీ ఏ మాటా లేదు, అంతా రాష్ట్ర మత్స్యశాఖ చూసుకోవాలి. గీత కాపలా సరిగా లేనప్పుడు ఏమవుతుందో 2022 జనవరిలో రింగు వలల గొడవలో చూశాం. ఒకే సముద్రాన్ని నమ్ముకున్న పాలేలు రెండు వర్గాలయ్యాయి, నడిసంద్రంలో పడవలు తగలబడ్డాయి. నెత్తళ్లూ కవళ్లూ కానాగంతలూ తగ్గిపోతున్న నీళ్లలో ఎవరి వల ఎంత పెద్దదనే లెక్క మనుషుల్ని మనుషుల మీదికి తోసింది.

లెక్క లేకపోతే కూడు కూడా తప్పిపోతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది, నిషేధం ఉండాల్సిందే. ఆ రోజులకు ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని 2025లో కుటుంబానికి 20,000 రూపాయలు చేశారు. అది ఎవరికి అందాలి? పడవ రిజిస్టరులో ఉన్నవాడికీ, జాబితాలో పేరున్నవాడికీ. ఒడ్డున చేపలు ఏరి, ఎండబెట్టి, అమ్మే ఆడవాళ్ల పనీ ఆ 61 రోజులు ఆగుతుంది. వాళ్లను ఏ వరసలో రాశారు?

ఇంకో సంగతి. జాలరి జనాభా అంటే ఒకచోట కూర్చుని ఉండే జనాభా కాదు. శ్రీకాకుళం, విజయనగరం తీరాల నుంచి ఏటా వేలమంది మగవాళ్లు గుజరాత్‌లోని వెరావల్‌కు బోట్ల మీద కూలికి పోతారు. వానలు వెనకబట్టాక వెళ్లి, వేసవిలో తిరిగొస్తారు. 2018లో అలా వెళ్లినవాళ్లలో కొందరు పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో గానీ చాలామంది ఇల్లు చేరలేదు. వచ్చే జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టారు, జనం లెక్క ఫిబ్రవరిలో. సరిగ్గా ఆ రోజుల్లో ఈ మగవాళ్లు గుజరాత్ నీళ్లలో ఉంటారు. సొంత ఊరి అంకెల్లో ఉండరు, వెరావల్ అంకెల్లో వాళ్ల ఊరి పేరుండదు. ఫిలిప్పీన్స్‌కూ ఇలాంటి చిక్కే ఉంది, లక్షల మంది నావికులు ఎప్పుడూ పరాయి సముద్రాల మీదే ఉంటారు కాబట్టి, వాళ్లను విడిగా లెక్కపెట్టే ఏర్పాటు చేసుకున్నారు.

మన దగ్గర పనికొచ్చే లెక్క బొత్తిగా లేదని అనను. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మత్స్యకారుల గణన విడిగా చేస్తుంది. 2010లో మన రాష్ట్రానికి 555 సముద్ర మత్స్యకార గ్రామాలని, ఆరు లక్షల పైచిలుకు జనమని తేల్చింది. పడవెన్ని, వలెన్ని, ఇల్లెలాంటిది, చదువెంత అన్నీ అడిగింది. 2016లో, మళ్లీ 2025లో చేసింది. ఇంత మంచి పని జరుగుతుందని విశాఖలో ఎంతమందికి తెలుసు? ఆ గణనలో పాలెం పేరు బతికే ఉంది. వార్డు పట్టికలో లేనిదల్లా అక్కడ ఉంది.

కాబట్టి మీతో నా మనవి ఇది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగోళశాస్త్రం చదివే పిల్లలు మీ ఇంట్లో ఉంటే, రుషికొండ నుంచి భీమిలి దాకా పాలెం పాలేనికీ ఒక పట్టిక వేయమనండి. ఇళ్లు, జనం, పడవలు, పడవ దించే ఒడ్డు పొడవు, ఎన్ని బారల లోతులో వేట సాగుతుంది, ఏ కొండను గుర్తుపెట్టుకుని ఒడ్డుకు వస్తారు, అన్నీ రాయాలి. పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. మీరు ఆ పాలేల్లోనే ఉంటున్నారా, అయితే గణకుడు గుమ్మంలోకి వచ్చినప్పుడు వార్డు నంబరుతో పాటు పాలెం పేరు కూడా చెప్పి రాయించండి, రాశాడో లేదో చూసి మరీ పంపండి.