కోరాపుట్ దారిలో ఒక మేకపోతు కప్పు

ఈసారి సంక్రాంతికి మేము రాయగడ వెళ్ళాం. మా పిన్ని వాళ్ళది ఆ ఊరే. ఖరగ్‌పూర్‌లో సమలేశ్వరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రైలు మారే పని లేకుండా రాయగడలో దింపేస్తుంది. అదే రైలు అక్కణ్ణించి సొరంగాల్లో దూరుతూ, వంతెనలు దాటుతూ కోరాపుట్ కొండల మీదకి పోతుంది.

రాయగడలో దిగగానే తెలుగు వినిపిస్తుంది. రిక్షా అతను, పూలమ్మే ఆవిడ, మందుల కొట్టు ఆయన, అందరూ ఒడియాలో మొదలుపెట్టి మన మొహం చూసి తెలుగులోకి దిగిపోతారు. వింతేముంది? 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లాయే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అంత దానమిచ్చిన విక్రమదేవవర్మ గారు ఈ పక్కనున్న జయపురం మహారాజే. ఊరి పక్కనుంచి పారే నాగావళి కూడా చివరికి మన శ్రీకాకుళమే చేరుతుంది.

కనుమ మర్నాడు బాబాయి జీపులో మమ్మల్ని కోరాపుట్ బయలుదేరదీశాడు. శబర శ్రీక్షేత్రమని పేరున్న జగన్నాథస్వామి గుడి చూసి, సాయంత్రానికి తిరిగి రావాలని అనుకున్నాం. దర్శనం చక్కగా అయింది. చలి మాత్రం స్వెట్టర్లని లెక్కచెయ్యలేదు. తిరుగు ప్రయాణంలో ఒక పల్లె దగ్గర మైకు మోత, జనం. కోతలయిపోయిన మళ్ళలో ఫుట్‌బాల్ పోటీ. మొదటి బహుమతి మేకపోతు. దాన్ని బంతిపూల దండ వేసి గట్టున కట్టేశారు. తనకి జరగబోయే మర్యాద తెలియక అది దండే నమిలేస్తోంది. మా తొమ్మిదేళ్ళ చిన్నాడు దిగుతానని ఒకటే గొడవ. సరే, ఒక అరగంట అన్నాం.

ఆట బాగుంది, అబద్ధమెందుకు. సగంమందికి బూట్లు లేవు, అయినా ఆ పరుగు మన టీవీ ఆటగాళ్ళకేం తీసిపోదు. మైదానం చుట్టూ నిలువెత్తు వెదురు దడి. ఒక పక్క సర్వీ కర్రలు, పలకలు కొబ్బరితాడుతో కట్టిన గ్యాలరీ. లోపలికి రావడానికీ పోవడానికీ ఒకటే సందు, రెండు ఎడ్లబళ్ళు కూడా పక్కపక్కన పట్టవు. టిక్కెట్టు డబ్బులు జారిపోకుండా అలా కట్టారట.

సెమీఫైనల్ అయింది. ఓడిన ఊరివాళ్ళు బయటికి బయలుదేరారు, మేమూ వాళ్ళ వెంటే. సరిగ్గా అప్పుడే ఫైనల్ ఆడే జట్టు డప్పులతో, ఊరంతటినీ వెంటేసుకుని అదే సందులోకి వచ్చింది. దెబ్బలాట లేదు, తాగిన గోల లేదు. అందరూ నవ్వుతూనే ఉన్నారు. ముందున్నవాళ్ళు ఆగిపోయారని వెనకవాళ్ళకి తెలియలేదు, అంతే. నా చేతులు పక్కలకి అతుక్కుపోయాయి. చిన్నాడి చెయ్యి నా చేతిలోనే ఉంది గానీ వాడి కాళ్ళు నేల మీద లేవు. "అమ్మా" అని అరవడానికి వాడికి ఊపిరి అందడం లేదు. మొహం రంగు మారడం నేను చూశాను.

మమ్మల్ని కాపాడింది కమిటీవాళ్ళు కాదు. పక్కన చెరుకుముక్కలు అమ్ముకునే ముసలమ్మ. ఆవిడ తన కత్తితో దడి తాళ్ళు నాలుగుచోట్ల టపటపా కోసేసింది. వెదుళ్ళు అవతలికి పడ్డాయి, మేము మళ్ళో పడ్డాం. చిన్నాడికి మోచెయ్యి గీసుకుపోయింది. దడి పాడుచేసిందని ఒక కుర్రాడు ఆవిడ మీదకే వెళ్ళాడు. ఆవిడ అన్న మాట నాకు అర్థం కాలేదు గానీ వాడు మాత్రం తలొంచుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర పిన్ని నన్ను కేకలేస్తుంటే, పండక్కి వచ్చిన మా పెద్దమావయ్య మెల్లిగా నోరు విప్పాడు. 1980 ఆగస్టు 16న ఆయన కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఉన్నాడట. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ లీగు ఆట. ఆయన మా ఇంట్లో ఈ మాట ఎన్నడూ ఎత్తలేదు. రెండు జట్ల అభిమానుల్నీ విడదీయకుండా ఒకే స్టాండ్లో కూర్చోబెట్టారు. మైదానంలో ఇద్దరు ఆటగాళ్ళ మధ్య మొదలైన తగువు పైకి పాకింది. పైనుంచి దూకినవాళ్ళు కొందరు, మెట్ల మీద నలిగినవాళ్ళు కొందరు. పదహారుమంది పోయారు. "చెప్పు ఒకటే మిగిలింది. దాంతోనే హౌరాలో రైలెక్కాను" అన్నాడు. ఏటా ఆగస్టు 16న ఆ పదహారుమంది పేర కలకత్తాలో రక్తదానం చేస్తారు. మావయ్యా వెళ్ళి రక్తమిచ్చి వచ్చేవాడట. ఆఫీసు పని అనుకునేది అత్తయ్య!

ఖరగ్‌పూర్ తిరిగొచ్చాక ఈ సంగతులు వెతికి చదివాను. 1964లో పెరూ రాజధాని లిమాలో 328 మంది పోయారు. బాష్పవాయువుకి పరుగెత్తినవాళ్ళకి మెట్ల కింద గేట్లు మూసి ఉన్నాయి. 1989 ఏప్రిల్ 15న ఇంగ్లాండులో హిల్స్‌బరోలో 97 మంది. అక్కడా మైదానం ముందున్న ఇనపకంచే వాళ్ళని కదలనివ్వలేదు. ఆ తరవాతే పెద్ద మైదానాల్లో కంచెలు తీసేశారు. 2022 అక్టోబరు 1న ఇండోనేషియాలో 135 మంది, మళ్ళీ బాష్పవాయువు, మళ్ళీ ఇరుకు గేట్లు. ఇలాంటివాటిలో చాలామంది తొక్కిడిపడి కాదు, నిలబడినచోటే ఛాతీ విచ్చుకోక ఊపిరాడకుండా పోతారట. చదరపు మీటరుకి ఐదారుగురు దాటితే మన అడుగు మన స్వాధీనంలో ఉండదు. మోచేతులు ఛాతీకి అడ్డం పెట్టుకుని, జనం కాస్త వదులైనప్పుడల్లా ఏటవాలుగా పక్కకి జరగాలంటారు. బిడ్డ చెయ్యి పట్టుకున్న తల్లి అడ్డం పెట్టుకునే చెయ్యి ఏదో ఆ నిపుణులు రాయలేదు.

ఆటలే అక్కర్లేదు. 2025 నవంబరు 1న, కార్తీక ఏకాదశి నాడు, కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి గుడి మెట్ల దగ్గర రెయిలింగు విరిగి తొమ్మిదిమంది పోయారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. అంతకుముందు జూన్‌లో బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల బయట పదకొండుమంది. కప్పు గెలిచిన సంబరం చూడటానికి వచ్చిన కుర్రకారు! "జనం క్రమశిక్షణ లేనివాళ్ళు" అనడం మనకి అలవాటు. నేనూ అనేదాన్ని. ఆ సందులో నా చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరు కూడా నన్ను కావాలని తొయ్యలేదు.

తిరుగురైలు ఎక్కేముందు రాయగడ మజ్జిగౌరమ్మ దర్శనానికి వెళ్ళాం. చెప్పులు విప్పుతూ చిన్నాడు పిన్నిని అడిగాడు, "అమ్మమ్మా, బయటికి వచ్చే దారి ఎటు?" పిన్ని నవ్వబోయి మానేసింది. వాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించింది.

మొన్న మన సంఘం ఉగాది ఏర్పాట్ల మీటింగుకి వెళ్ళినప్పుడు నేనూ చూశాను. మనం అద్దెకి తీసుకునే హాలుకి వెనకవైపు ఒక తలుపుంది. దానికి అడ్డంగా పాత కుర్చీలు నడుమెత్తున పేర్చి, తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందని కార్యదర్శిగారిని అడిగాను. వెతికిస్తానన్నారు. ఉగాదికింకా వారం ఉంది.